బ్యాలే గౌను పొడుగ్గా కుట్టాలా, పళ్ళెంలా కుట్టాలా?

బరంపురం_కుట్టుమిషన్

అందరికీ నమస్కారం. మాది బరంపురం. మా అత్తగారి కాలం నుంచీ డాన్సు డ్రస్సులే కుడుతున్నాం. ఒడిస్సీ, కూచిపూడి, ఠాకురాణి యాత్ర వచ్చిందంటే వేషాలవాళ్ళ బట్టలు. పట్టుచీర కోసి ముందు విసనకర్ర కుచ్చు పెట్టమంటే కళ్ళు మూసుకుని పెట్టగలను. ఇప్పుడొచ్చిన ఆర్డరు మాత్రం నాకు బొత్తిగా కొత్త.

ఇక్కడొక స్కూల్లో వార్షికోత్సవానికి తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలు పదిమంది 'జిజెల్' అనే బ్యాలేలో ఒక ముక్క చేస్తారట. డాన్సు టీచరు కలకత్తాలో నేర్చుకుని వచ్చిన అమ్మాయి. వాట్సాప్‌లో రెండు ఫోటోలు పెట్టింది. ఒకదాంట్లో తెల్లగౌను పిక్కల కిందిదాకా జారి ఉంది. రెండోదాంట్లో నడుం చుట్టూ పళ్ళెం తొడిగినట్టు బిర్రుగా అడ్డంగా నిలబడింది. రెండింటినీ టూటూ అనే అంటోంది. "పొడుగుదే కావాలి ఆంటీ, ఇది రొమాంటిక్ బ్యాలే" అని ఒకటే పట్టు. తల్లులేమో నాకు ఫోన్లు చేసి పొట్టిదే కుట్టమంటున్నారు. టీవీలో చూసింది అదేనట.

అసలు ఈ పొడుగుది ఎందుకు పుట్టింది? పొట్టిది ఎప్పుడొచ్చింది? కథ తెలిస్తేగానీ నాకు కత్తెర ఆడదు. గిరి మార్కెట్లో హార్డ్ నెట్, సాఫ్ట్ నెట్, లెహంగాల కింద వేసే క్యాన్‌క్యాన్ దొరుకుతాయి. ఏది వాడాలి, ఎన్ని పొరలు వెయ్యాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

రాయగడ_కుర్రాడు

అక్కా, ఎందుకీ తలనొప్పి? ఆన్‌లైన్లో రెడీమేడ్ దొరుకుతున్నాయి. పది పీసులు తెప్పించి పక్కలు బిగించి ఇచ్చేయ్.

బరంపురం_కుట్టుమిషన్

చూశాను తమ్ముడూ. అవన్నీ చంటిపిల్లల పుట్టినరోజు గౌన్లు. పదో క్లాసు పిల్లకి వేస్తే మోకాలికి చాలా పైనే ఆగిపోతాయి. అయినా చేతికొచ్చిన పని ఎవడో ఆన్‌లైన్ వాడికి ఎందుకివ్వాలి?

పర్లాకిమిడి_డ్రస్‌సప్లై

అమ్మా, మాది పర్లాకిమిడి. పద్యనాటకాలకి కిరీటాలు, గదలు, జరీ కోట్లు అద్దెకిచ్చే కొట్టు. మా నాన్న డ్రస్సులు చూస్తే నేను లైట్లు చూసేవాణ్ణి. పెట్రోమాక్సులు వెళ్ళిపోతున్న రోజులు నాకు బాగా గుర్తు. లైట్ల ఊసు ఎందుకెత్తానంటే, నువ్వడిగిన పొడుగు గౌను సగం దర్జీ చేతిలో పుడితే సగం దీపం వెలుగులో పుట్టింది. గుడ్డ గురించి మాత్రమే మాట్లాడుకుంటే సగం సంగతి బయటే ఉండిపోతుంది.

ముందు నీ టీచరమ్మ మాటే నిజమని చెప్పేస్తాను. జిజెల్‌కి పొడుగుదే. రొమాంటిక్ అంటే ఇక్కడ ప్రేమ అని కాదు, 1830, 40ల నాటి బ్యాలే పద్ధతికి ఆ పేరు. తల్లులు టీవీలో చూసింది వేరే కాలం గౌను, దాని సంగతి తర్వాత.

ఫ్రాన్సు రాజుల కాలంలో బ్యాలే ఆడేవాళ్ళు దర్బారు దుస్తుల్లోనే ఆడేవారు. ఆడవాళ్ళకి నేల దాకా బరువైన లంగాలు, లోపల వెదురు బుట్టల్లాంటి కట్లు. అడుగు ఎక్కడ పడుతోందో కనపడేది కాదు. 1730 ప్రాంతంలో మారీ కామార్గో అనే ఆవిడ గాల్లోకి ఎగిరి పాదాలు ఒకదానికొకటి తాటించే విన్యాసాల్లో దిట్ట. ఆ పాదాలు కనపడాలని లంగా చీలమండ పైకి ఎత్తి కుట్టించుకుంది. చుట్టూ గోల. ఆవిడకి పోటీగా ఉన్న మారీ సాల్లే 1734లో లండన్‌లో పల్చటి మస్లిన్ గౌను వేసుకుని, జుట్టు విరబోసుకుని ఆడింది. దానికీ గోలే. ఫ్రెంచి విప్లవం తర్వాత ఊళ్ళో ఆడవాళ్ళే పల్చటి మస్లిన్ గౌన్లకి మళ్ళారు. స్టేజీకి దారి అక్కడే తెరుచుకుంది.

ఇంక దీపాల దగ్గరికి రా. పారిస్ ఆపెరా అనే పెద్ద నాటకశాల స్టేజీకి 1822లో గ్యాసు దీపాలొచ్చాయి. అంతకుముందు కొవ్వొత్తులు, నూనె దీపాలు. నూనె దీపాలన్నిటి వెలుగునీ ఒక్కసారిగా తగ్గించడం, పెంచడం చాలా కష్టం. గ్యాసు అలా కాదు. ఒకచోట తిప్పితే మొత్తం స్టేజీ మసకబారుతుంది, మళ్ళీ తిప్పితే వెలుగొస్తుంది. అంటే స్టేజీ మీద వెన్నెల చెయ్యొచ్చన్నమాట. 1831 నవంబరులో 'రొబేర్ ల డియాబ్ల్' అనే ఆపెరాలో, అంటే పాటలతో నడిచే నాటకంలో, ఆ వెన్నెల చేసి చూపించారు. పాడుబడ్డ మఠంలో సమాధుల్లోంచి చనిపోయిన సన్యాసినులు తెల్లబట్టల్లో లేచి వచ్చి నాట్యం చేస్తారు. వాళ్ళ పెద్ద సన్యాసిని వేషం వేసింది మారీ టాలియోనీ. నాట్యం కూర్చినవాడు ఆవిడ తండ్రి ఫిలిప్పో. జనం పిచ్చెక్కిపోయారు.

ఆ ఆపెరాలో రొబేర్ పాత్ర పాడిన గాయకుడు అడాల్ఫ్ నూరీ అది చూసి ఒక కథ రాశాడు. అదే 'లా సిల్ఫీద్'. 1832 మార్చి 12న పారిస్‌లో మొదటి ఆట. స్కాట్లండ్ పల్లెలో పెళ్ళి కుదిరిన కుర్రాడికి ఒక గాలికన్య కనిపిస్తుంది. వాడు పెళ్ళి వదిలేసి దాని వెనక అడివిలోకి పోతాడు. మంత్రగత్తె ఇచ్చిన మేలిముసుగు కప్పగానే రెక్కలు రాలిపోయి అది చచ్చిపోతుంది. టాలియోనీయే ఆ గాలికన్య. గౌను యూజెన్ లామీ రూపకల్పన అని చెబుతారు. శరీరానికి అతుక్కున్న పైభాగం, భుజాలు బోసి, వీపున చిన్న రెక్కలు, తలమీద పూలదండ, నడుం నుంచి గంట ఆకారంలో విచ్చుకుని మోకాలికీ చీలమండకీ మధ్య ఆగే తెల్ల లంగా. నీ ఫోటోలో ఉన్నది ఈ గౌను సంతతే.

అంత పొడుగే ఎందుకు? టాలియోనీ బొటనవేళ్ళ కొస మీద నిలబడేది. ఆవిడకి ముందూ కొందరు నిలబడ్డారు, కాకపోతే అది గారడీలా ఉండేది. ఈవిడ దాన్ని గాల్లో తేలే ప్రాణి నడకలా మార్చింది. ఇప్పటిలా ముందు గట్టి పెట్టె ఉన్న బూట్లు లేవు. మెత్తటి శాటిన్ జోళ్ళకి కొసన, పక్కల దారంతో దట్టంగా కుట్లు వేసుకునేవారు. పాదం కనపడాలి కాబట్టి లంగా చీలమండ పైకి పోవాలి. అదే మోకాలు బయటపడితే మనిషి కాళ్ళ బలం తెలిసిపోతుంది, గాలికన్య అన్న భ్రమ పోతుంది. ఎగిరి దిగేటప్పుడు చూడు, మనిషి ముందు కిందికొస్తుంది, పల్చటి గుడ్డ ఒక్క క్షణం ఆలస్యంగా వాలుతుంది. చూసేవాడి కంటికి ఆవిడ ఇంకా పైనే ఉన్నట్టుంటుంది. ఈ పని జరీ చెయ్యలేదు, పట్టు చెయ్యలేదు. నేను లైట్లు చూసిన అనుభవంతో ఇంకోటి కూడా చెబుతాను. తెల్లటి పల్చని గుడ్డ నాలుగైదు పొరలుంటే దీపం వెలుగు ఒక పొరమీద ఆగిపోదు, లోపలికి దిగుతుంది. అంచు ఎక్కడుందో కంటికి దొరకదు. సత్యభామ వేషానికి మేం జరీ వేసేది వెలుగు తిప్పికొట్టడానికి. ఇక్కడ పని దానికి పూర్తిగా ఎదురు.

'జిజెల్' 1841 జూన్ 28న వచ్చింది. అడాల్ఫ్ ఆడమ్ సంగీతం, కార్లోటా గ్రిసీ నాయిక. మొదటి అంకంలో ఆమె పల్లెపిల్ల, పల్లెబట్టలే. నీ పిల్లలు చేసేది రెండో అంకం అయ్యుంటుంది. పెళ్ళి కాకుండానే చనిపోయిన ఆడపిల్లల ఆత్మలు రాత్రిపూట లేచి, దారిన పోయే మగవాణ్ణి చచ్చేదాకా ఆడిస్తాయి. అందుకే తెలుపు, అందుకే పూలదండలు. ఈ ముక్క మాత్రం తల్లులకి ముందే చెప్పకు. మన వైపు వాళ్ళు పెళ్ళీడు పిల్లలకి ఆ వేషం వెయ్యనిస్తారా!

అలాగని ఆ కాలంలో అంతా తెలుపే అనుకోవద్దు. టాలియోనీకి పోటీ ఫానీ ఎల్స్‌లర్ 1836లో గులాబిరంగు శాటిన్‌కి నల్ల లేసు పెట్టి స్పెయిన్ నాట్యం 'కచూచా' ఆడి పారిస్‌ని ఊపేసింది. నాకైతే ఆ గౌనే ఎక్కువ ఇష్టం. ఆర్డరు ఇచ్చేవాళ్ళు లేరు, ఏం చేస్తాం.

కోరాపుట్_పుస్తకాలు

మాస్టారూ, బాగా చెప్పారు. మరి పొట్టిది ఎప్పుడొచ్చిందో చెప్పలేదు. ఇంకో ప్రశ్న. అంత పల్చటి గుడ్డ అంత చవగ్గా ఎలా దొరికింది? మన మస్లిన్ కొనాలంటే అప్పట్లో దొరలకే సాధ్యం కదా?

పర్లాకిమిడి_డ్రస్‌సప్లై

మిషను బాబూ, మిషను. ఇంగ్లండులో జాన్ హీత్‌కోట్ 1808-09లో వల నేసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. చేత్తో రోజులు పట్టే వలగుడ్డ గజాల లెక్కన దిగడం మొదలైంది. చేతిపనివాళ్ళ కడుపు కొడుతోందని 1816లో లఫ్‌బరోలో అతని ఫ్యాక్టరీ మీద పడి యంత్రాలు విరగ్గొట్టారు. అతను టివర్టన్‌కి తరలిపోయాడు. నూలు మస్లిన్ కూడా అప్పటికే ఇంగ్లండు మిల్లుల్లో నేస్తున్నారు. టార్లటాన్ అని ఇంకోటుంది, గంజి దట్టించిన వదులు నేత నూలుగుడ్డ, దాంతోనూ లంగాలు కుట్టేవారు.

పొట్టిదాని సంగతి. 1870ల తర్వాత మెల్లగా పైకి పాకింది. ఇటలీ నుంచి వచ్చిన నాట్యకత్తెలు గిరగిరా తిరగడంలో ఆరితేరినవాళ్ళు. కాలు ఎంత తిన్నగా ఉందో, మోకాలు ఎలా పనిచేస్తోందో చూపించుకోవాలి. వర్జీనియా జుక్కీ 1885లో రష్యా వెళ్ళి, అక్కడి పద్ధతికి ఎదురు నిలిచి లంగా పొట్టి చేయించుకుంది. పియెరీనా లెన్యానీ 1895లో 'స్వాన్ లేక్'లో ఒంటికాలి మీద ముప్ఫై రెండు చుట్లు తిరిగింది. అంత పని చేసి పిక్కల దాకా గుడ్డ కప్పుకుంటే ఎవరు చూస్తారు? ఇరవయ్యో శతాబ్దంలో లోపల తీగ చుట్టు పెట్టి పూర్తిగా అడ్డంగా నిలబెట్టారు. అదే తల్లుల పళ్ళెం. ఆ తర్వాత అమెరికాలో కరిన్స్‌కా అనే గొప్ప దర్జీ 1950లో ఆ తీగ పీకేసి, మెత్తగా కిందికి వాలే పొట్టి లంగా చేసింది. పదిమంది పక్కపక్కన నిలబడితే తీగలు ఒకదానికొకటి తగిలి ఊగేవి, ఆ గొడవ పోయింది.

పొడుగుదీ చచ్చిపోలేదు. 1909లో రష్యా నాట్యకర్త ఫోకిన్ షోపాన్ సంగీతానికి 'లే సిల్ఫీద్' అనే వేరే బ్యాలే కూర్చినప్పుడు కావాలని టాలియోనీ గౌనుకే వెళ్ళాడు.

గుణుపురం_నాన్న

మధ్యలో మాట్లాడుతున్నానని ఏమీ అనుకోకండి. పొడుగో పొట్టో, ఆడపిల్లలకి కాళ్ళు కనపడే గౌన్లు వేయించడం మన ఊళ్ళలో బాగుంటుందా? పారిస్‌లో కూడా ఈ నాట్యకత్తెల గురించి మంచిగా చెప్పుకోరని విన్నాను.

పర్లాకిమిడి_డ్రస్‌సప్లై

విన్నది పూర్తిగా అబద్ధం కాదు. 1831లో ఆపెరా డైరెక్టరుగా వచ్చిన వెరాన్, ఏడాది చందా కట్టే డబ్బున్న మగవాళ్ళని తెర వెనక నాట్యకత్తెల గదిలోకి రానిచ్చాడు. పేద ఇళ్ళ పిల్లలు అక్కడ నానా అవస్థలు పడ్డారు. దానికి గౌను పొడవుని తప్పుపడితే ఎలా? నేల దాకా లంగా వేసి ఆ గదిలో నిలబెట్టినా జరిగేది అదే. స్కూలు పిల్లలకి లోపల తెల్ల మేజోళ్ళు వేస్తారు, నీకు ఇష్టం లేకపోతే మీ పాపని పంపకు. ఇంక ఈ చర్చ ఇక్కడొద్దు.

పొందూరు_నూలు

బరంపురం అక్కకి ఒక సలహా. మా పొందూరు ఖద్దరు వాడొచ్చు కదా? వాలుగ చేప దవడతో దూది దువ్వి వడికే నూలు, ఎంత సన్నం కావాలంటే అంత. పారిస్ వాళ్ళ మిషను గుడ్డకి తీసిపోదు.

పర్లాకిమిడి_డ్రస్‌సప్లై

తీసిపోదు, నిజమే. నా పెళ్ళికి పొందూరు పంచే కట్టాను. కానీ అది ఒంటిమీద మెత్తగా వాలే గుడ్డ, నడుం నుంచి విచ్చుకుని నిలబడమంటే నిలబడదు. గంజి పెడితే నిలబడుతుంది, కానీ చెమటకి, మంచుకి రెండో పాటలోనే కూలిపోతుంది. పదిమందికి ఆ గుడ్డ ఖరీదు స్కూలువాళ్ళు ఇవ్వనూ ఇవ్వరు. పైభాగానికి లోపలి లైనింగు వేస్తే బాగుంటుంది, పిల్లలకి ఒరుసుకోదు.

బరంపురం_కుట్టుమిషన్

మాస్టారూ, మీకు వెయ్యి దండాలు. టీచరమ్మకి చదివి వినిపించాను, ఆ అమ్మాయి ఎగిరి గంతేసింది. అయితే స్టేజీ మీద కొత్తగా ఒకటి కలిపింది. పిల్లలందరూ చేతుల్లో ప్రమిదలతో వస్తారట, లైట్లన్నీ ఆర్పేసి. మన దీపనృత్యం లాగా బాగుంటుందని. నెట్ గుడ్డ కదా అని నాకు గుండె దడగా ఉంది.

పర్లాకిమిడి_డ్రస్‌సప్లై

వద్దు. ఎవరు చెప్పినా వద్దు. ఇందాకే రాయాల్సిన సంగతి ఇదే, కథ మధ్యలో పక్కన పెట్టాను.

ఆ గౌన్లకి వెన్నెల ఇచ్చిన గ్యాసు దీపమే వాటిని తగలబెట్టింది. గాలి చొరబడే వదులు నూలు, పొరపొరకీ మధ్య మళ్ళీ గాలి. అంటుకుందంటే ఆర్పే వ్యవధి ఉండదు. 1844 డిసెంబరులో లండన్ డ్రూరీ లేన్‌లో క్లారా వెబ్‌స్టర్ అనే నాట్యకత్తె ప్రదర్శన మధ్యలో, జనం ముందే కాలింది. కొద్ది రోజుల్లో పోయింది. పారిస్‌లో ఎమ్మా లివ్రీ సంగతి ఇంకా ఘోరం. పదహారేళ్ళకి 'లా సిల్ఫీద్'తోనే ఆపెరాలో అడుగుపెట్టింది. ముసలి టాలియోనీ ఆ పిల్ల ఆట చూసి, తనే పాఠాలు చెప్పి, 1860లో ఆమె కోసం 'లె పపియోఁ' అనే సీతాకోకచిలుక బ్యాలే కూర్చింది. అందులో దివిటీ మంటకి నాయిక రెక్కలు కాలిపోతాయి.

అప్పటికే 1859లో ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. స్టేజీ బట్టలన్నీ కార్తెరాన్ అనేవాడు చెప్పిన రసాయనాల్లో ముంచాలి. ముంచితే గుడ్డ అంటుకోదు. కానీ పచ్చబడి, బిరుసెక్కి, ముద్దలా వేలాడుతుంది. లివ్రీ వద్దంది, వేసుకోనని రాసిచ్చింది. ఆ పిల్లని మొండిదని తిట్టడం తేలికే. కానీ పల్చటి గుడ్డ తేలడం మీదే ఆ నాట్యమంతా ఉంది, ముంచిన గుడ్డ తేలదు. నిజంగా మార్చాల్సింది దీపం ఉన్న చోటు. దాన్ని ఎవరూ మార్చలేదు. 1862 నవంబరు 15న రిహార్సల్లో ఆమె లంగా గ్యాసు మంటకి తగిలింది. ఎనిమిది నెలలు నరకం చూసి 1863 జూలైలో పోయింది, ఇరవయ్యేళ్ళ పిల్ల. కాలగా మిగిలిన గౌను ముక్కలు పారిస్ ఆపెరా మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి.

నువ్వు కొనే నెట్ నైలానో పాలిస్టరో అయ్యుంటుంది. నూలులా భగ్గుమనకపోయినా కరిగి ఒంటికి అతుక్కుంటుంది, అది ఇంకా చెడ్డది. బోరాక్సు నీళ్ళు నూలుకి కొంత పనిచేస్తాయి, నైలానుకి కాదు. కాబట్టి ముంచి గట్టెక్కుదామనుకోకు. చేతుల్లో ప్రమిదలు అంతగా కావాలంటే బ్యాటరీవి దొరుకుతాయి. జ్యోతి వెలిగించే పెద్ద దీపం కూడా ఈ పిల్లలు రాకముందే స్టేజీ దింపించు. కోల్డ్ పైరో అని రవ్వలు చిమ్మే పెట్టెలు పెడతారు చూడు, అవీ వద్దు. టీచరమ్మకి చెప్పడానికి మొహమాటమైతే నా ఈ పోస్టు చూపించు.

ఇంక కుట్టడం. సాఫ్ట్ నెట్ ఐదారు పొరలు చాలు. అన్నిటికంటే లోపలి పొర ఒక్కటి హార్డ్ నెట్ వెయ్యి, పై పొరల్ని అది ఎత్తి పట్టుకుంటుంది. క్యాన్‌క్యాన్ ముట్టుకోకు, లెహంగాకి బాగుంటుందిగానీ దూకితే ఊగదు, గీసుకుంటుంది. కుచ్చులు నడుం దగ్గర పెట్టకు, లావుగా కనపడతారు. నడుం నుంచి తుంటి దాకా ఒంటికి అతుక్కునే నూలుగుడ్డ పట్టీ (యోక్) కుట్టి, దాని కింది అంచు నుంచి పొరలు దించు. అంచు మడవకు, నెట్‌కి దారాలు లేవవు, కత్తెరతో నున్నగా కోసెయ్. మడిస్తే అక్కడ గీత పడి వెలుగు ఆగిపోతుంది. వెనక జిప్ వద్దు, హుక్కులే. ఆట మధ్యలో జిప్ తెగితే చేసేదేం లేదు, ఒక హుక్కు ఊడితే మిగతావి కాస్తాయి.

బరంపురం_కుట్టుమిషన్

ప్రమిదలు తీయించేశాను మాస్టారూ. టీచరమ్మ లివ్రీ కథ నెట్‌లో వెతికి చదివి, తనే ప్రిన్సిపాల్‌కి చెప్పింది. ఒక్క సందేహం మిగిలింది. పదిమందీ పది ఎత్తులు. పొడవు నడుం నుంచి కొలవాలా, మోకాలి నుంచా?

పర్లాకిమిడి_డ్రస్‌సప్లై

రెండూ కాదు, నేల నుంచి. జోళ్ళు తొడిగించి వరసగా నిలబెట్టు. కర్రకి గుర్తు పెట్టుకుని, నేల నుంచి పన్నెండు పదమూడు అంగుళాల ఎత్తులో అందరికీ ఒకటే గీత గియ్యి. స్టేజీ మీద వరస కనిపించేది ఆ అంచులోనే. పొట్టిపిల్లకి పిక్క కాస్త తక్కువ కప్పుతుంది, పొడుగుపిల్లకి ఎక్కువ, పర్వాలేదు. పొరలన్నీ గౌనుకి కుట్టేశాక, ఒకరోజు వేలాడదీసి అప్పుడు కొయ్యి, ముందే కోస్తే సాగి ఎగుడుదిగుడవుతుంది. ఒక మీటరు నెట్ ఎక్కువే కొనుక్కో.